పిల్లల చేత కోర్సు మెటీరియల్ రాయించడం: నోట్సు అడక్కండి, ప్రశ్నలూ పొరపాట్లూ అడగండి

మాస్టారూ,

మీ ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది కాబట్టి, కొత్తగా చదివేవారి కోసం ముందు దాని సారం. పర్లాకిమిడిలో బీకాం పిల్లలకు కాస్ట్ అకౌంటింగ్ పేపర్‌ను మూడుల్ (కోర్సులు నడిపే వెబ్ వేదిక) మీద ఆన్‌లైన్‌లో నడుపుతున్నారు. మొత్తం 60 మంది: కాశీనగర్, గోసాని వైపు తెలుగు ఇళ్ల పిల్లలు, ఒడియా పిల్లలు, గుమ్మ కొండల నుంచి వచ్చే సవర పిల్లలు. చాలామందికి ఫోనే తప్ప ల్యాప్‌టాప్ లేదు. పిల్లలే మెటీరియల్ తయారు చేస్తే బాగా నేర్చుకుంటారని విని, యూనిట్‌కో నోట్సు పెట్టమన్నారు. నలభై పీడీఎఫ్‌లు వచ్చాయి. ఎక్కువ భాగం గైడు పేజీల ఫొటోలు, కొన్ని చాట్‌జీపీటీ రాతలు. ఒకరిది ఒకరు తెరిచి చూసినట్టు లేదు. ఈ పద్ధతి వదిలేయాలా, మార్కులు ఎలా వేయాలి, కాపీరైట్ ఎవరిది, తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు అన్న పిల్లల సంగతేమిటి అని అడిగారు.

పద్ధతి వదలక్కర్లేదు. అడిగిన సరుకే తప్పు.

నోట్సు పిల్లవాడు తన కోసం రాసుకునేది. పక్కవాడికి దానితో పని లేదు. వాడి దగ్గర గైడు ఉంది, మీ పాఠం ఉంది. ఎవరూ చదవరని రాసేవాడికీ తెలుసు, అందుకే మొక్కుబడిగా ఫొటో తీసి పడేస్తాడు. పైగా ఒక అధ్యాయాన్ని పొందికగా రాయడం విషయం మీద పట్టున్నవాళ్ల పని. మొదటిసారి చదువుతున్నవాడు రాస్తే తప్పులు దొర్లుతాయి, వాటిని మీరు పట్టుకోకపోతే వచ్చే ఏడాదికి ఆ తప్పే పాఠమై కూర్చుంటుంది. అయితే మొదటిసారి చదువుతున్నవాడికి మాత్రమే తెలిసినది ఒకటుంది: పాఠంలో కాలు ఎక్కడ తట్టుకుంటుందో. ఏళ్ల తరబడి అదే పాఠం చెప్పేవాళ్లకు ఆ చోటు కనబడదు. కాబట్టి పాఠం మీరు రాయండి. తట్టుకున్న చోట్లు, అక్కడి నుంచి బయటపడిన దారి పిల్లల్ని రాయమనండి.

2017లో మొదలైన స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో కోర్సుల అమరిక చూసినా ఇదే తేలుతుంది. అందులో నాలుగు భాగాలు: వీడియో పాఠం, చదివే మెటీరియల్, స్వీయ పరీక్ష, చర్చావేదిక. పిల్లల రాతకు సరైన చోటు చివరి రెండే. యూజీసీ 2020 నిబంధనల కింద నడిచే ఆన్‌లైన్ ప్రోగ్రాముల్లో అధికారిక స్టడీ మెటీరియల్ బాధ్యత ఎటూ యూనివర్సిటీదే. పిల్లలు రాసింది దానికి అనుబంధంగా ఉండాలి తప్ప దాని స్థానంలో కూర్చోకూడదు.

అడగదగినవి నాలుగు రకాలు. తప్పు ఆప్షన్లకు కూడా వివరణ ఉన్న బహుళైచ్ఛిక ప్రశ్నలు. స్థానిక అంకెలతో సాధించిన లెక్కలు. మూడు నిమిషాలు మించని ఆడియో వివరణలు. మీ సొంత పాఠంలోని తప్పొప్పుల పట్టిక. ఈ చివరిది ఖర్చు లేని పని, పైగా పిల్లలకు సరదా: మాస్టారి తప్పు పట్టుకుంటే అర మార్కు అనండి, మీ పీపీటీలు రెండు వారాల్లో శుభ్రపడతాయి.

అన్నిటికంటే ఎక్కువ ఫలం ప్రశ్నలు రాయించడంలో ఉంది కాబట్టి దాని గురించే వివరంగా చెబుతాను. పిల్లలు ప్రశ్నలు రాసి, ఒకరివి ఒకరు సాధించి, రేటింగ్ ఇచ్చే పీర్‌వైజ్ అనే వ్యవస్థను న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో పాల్ డెన్నీ తయారు చేశారు. చాలా దేశాల్లో వాడారు. అదే పని చేసే స్టూడెంట్‌క్విజ్ అనే ప్లగిన్ (అదనంగా చేర్చుకునే భాగం) మూడుల్‌కు ఉంది, కానీ సైట్ అడ్మిన్ ఎక్కించాలి. అది లేకపోయినా, ఒకరి పని ఒకరు పరిశీలించేందుకు మూడుల్‌లో ఉన్న వర్క్‌షాప్ యాక్టివిటీతో 60 మందికి పని జరిగిపోతుంది.

పిల్లల నుంచి మొదటి విడత వచ్చే ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది:

ఒక జీడిపప్పు యూనిట్‌లో నెలకు స్థిర ఖర్చు 60,000 రూపాయలు. కిలో అమ్మకం ధర 800, కిలోకి చర ఖర్చు 650. బ్రేక్ ఈవెన్ ఎంత?
అ) 100  ఆ) 200  ఇ) 400  ఈ) పైవేవీ కావు

బ్రేక్ ఈవెన్ అంటే లాభం నష్టం లేని చోటు, చర ఖర్చు అంటే సరుకుతో పాటు పెరిగే ఖర్చు. లెక్క సరైనదే. కిలోకి 150 మిగులుతుంది, 60,000ను 150తో భాగిస్తే 400 కిలోలు. కానీ ప్రశ్నగా ఇది పనికిరాదు. 100, 200 ఏ తప్పు చేసినా రావు, గాలిలోంచి ఊడిపడ్డ అంకెలు. "పైవేవీ కావు" అనేది రాసేవాడి బద్ధకం. "బ్రేక్ ఈవెన్ ఎంత" అంటే కిలోల్లోనా రూపాయల్లోనా తెలియదు. రూపాయల్లో అయితే జవాబు 3,20,000. ఇంకొకటి, "కిలో" అంటే గింజ కిలోనా, పప్పు కిలోనా? పిక్కలు కొట్టి తీసిన పప్పు గింజ బరువులో సుమారు నాలుగో వంతే వస్తుంది. ఈ తేడా జీడితోటలున్న ఇంటి పిల్లకు చటుక్కున తెలుస్తుంది, మనకు తట్టకపోవచ్చు.

ఇప్పుడు ఒక్క నియమం పెట్టండి: ప్రతి తప్పు ఆప్షన్ పక్కన, ఏ పొరపాటు చేసినవాడికి ఆ అంకె వస్తుందో రాయాలి. అదే ప్రశ్న ఇలా మారుతుంది:

అమ్మేది తీసిన పప్పు. నెలకు స్థిర ఖర్చు 60,000 రూపాయలు. కిలో పప్పు ధర 800, కిలో పప్పుకు చర ఖర్చు 650. లాభం నష్టం లేకుండా ఉండాలంటే నెలకు ఎన్ని కిలోల పప్పు అమ్మాలి?
అ) 75: స్థిర ఖర్చును అమ్మకం ధరతో భాగించినవాడికి
ఆ) 92: స్థిర ఖర్చును చర ఖర్చుతో భాగించి, మిగిలిన భిన్నం వదిలేసినవాడికి
ఇ) 325: మిగులు నిష్పత్తిని అమ్మకం ధర మీద కాక చర ఖర్చు మీద కట్టినవాడికి
ఈ) 400: సరైనది. సరిచూపు: 400 కిలోలకు అమ్మకం 3,20,000, చర ఖర్చు 2,60,000, తేడా 60,000

ఆ 325 చూడండి. 150ను 650తో భాగించి నిష్పత్తి కట్టి, దానితో 60,000ను భాగిస్తే 2,60,000 వస్తుంది. దాన్ని 800తో భాగిస్తే సరిగ్గా 325. అంకె ఎక్కడా తేడా కొట్టదు, అందుకే పరీక్షలో ఈ తప్పు చేసినవాడికి అనుమానమే రాదు. ఇలాంటి ఆప్షన్ ఒకటి తయారు చేయాలంటే ఆ పొరపాటును లోపలి నుంచి తెలిసినవాడు కావాలి. గైడులో దొరకదు. చాట్‌జీపీటీని అడిగినా ఏవో నాలుగు అంకెలు ఇస్తుంది గానీ, ఒక్కో అంకె ఎలా వచ్చిందో ఫోన్లో మీకు చెప్పాల్సింది పిల్లవాడే కదా. ఏఐ రాతను పట్టించే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి, అవి నిజంగా రాసినవాడినీ దొంగ అంటాయి. ప్రతి విడతలో ఐదింట ఒకరికి ఫోన్ చేసి "325 ఎలా వచ్చిందమ్మా" అని అడగండి. మూడు నిమిషాలు చాలు. ఎవరికి వస్తుందో ముందే తెలియకూడదు, అంతే.

ఇక భారం సంగతి. చాలామంది ఇక్కడే చతికిలపడతారు. తలా 5 ప్రశ్నలు అంటే యూనిట్‌కు 300, నాలుగు యూనిట్లకు 1,200. ఒక్కొక్కటి సరిచూడడానికి 4 నిమిషాలు వేసుకున్నా 80 గంటలు. ఏ మాస్టారికీ అంత తీరిక ఉండదు, సరిచూడకుండానే పబ్లిష్ చేస్తారు, మొదటి తప్పు ప్రశ్న బయటపడగానే పిల్లలకు మిగతావాటి మీద కూడా నమ్మకం పోతుంది. అందుకని జల్లెడ పట్టే పని పిల్లల దగ్గరే జరగాలి. నలుగురికో జట్టు, మొత్తం 15 జట్లు. తలా 2 ప్రశ్నలు రాసి, తమలో తాము చర్చించి జట్టు మొత్తం మీద 3 మాత్రమే పంపాలి. అంటే 45. తోటివాళ్ల పరిశీలనలో 30 నిలబెట్టాలని ముందే చెప్పండి. మీ బల్ల మీదికి వచ్చేవి ఆ 30, అంటే యూనిట్‌కు 2 గంటలు. జట్లు వేసేటప్పుడు ప్రతి జట్టులో మంచి సిగ్నల్ ఉన్న ఊరివాడు ఒకడైనా ఉండేలా చూడండి. స్నేహితులందరినీ ఒకే జట్టులో పెడితే చర్చ జరగదు, ఒకడు రాస్తాడు, ముగ్గురు సంతకం పెడతారు.

మూడుల్ వర్క్‌షాప్‌లో జట్టుగా సమర్పించే సౌకర్యం లేదు. జట్టు తరఫున ఒకరే పెట్టాలి. అలా పెడితే మిగతా ముగ్గురూ ఏమీ సమర్పించనివాళ్ల కింద లెక్క, వాళ్లకు పరిశీలన పని అందదు. ర్యాండమ్ అలొకేషన్ పేజీలో, సమర్పించకపోయినా పరిశీలించవచ్చు అనే టిక్ ఒకటి ఉంటుంది, అది పెట్టండి. అక్కడే సొంత జట్టు పని తమకే రాకుండా ఆపే టిక్ కూడా ఉంది; అది కనబడాలంటే యాక్టివిటీలో గ్రూప్ మోడ్ ముందే విజిబుల్ గ్రూప్స్ అని పెట్టి ఉండాలి. ఒక్కొక్కరికి 2 చొప్పున ఇస్తే 120 పరిశీలనలు అవుతాయి, ప్రతి జట్టు పనినీ ఎనిమిది మంది చూస్తారు. వాళ్లలో సగం మంది ఎగ్గొట్టినా నలుగురు మిగులుతారు. ఒక్కో పనికి ఇద్దరు పరిశీలకులనే పెడితే, ఇద్దరూ రెండు రకాలుగా చెప్పినప్పుడు ఎవరిది సరైనదో మూడుల్ తేల్చలేదు, పరిశీలన మార్కులు అర్థం లేకుండా వస్తాయి.

పరిశీలన ఫారంలో "ప్రశ్న ఎలా ఉంది, 10కి ఎన్ని" అని అడక్కండి. అందరూ 9 వేస్తారు. గ్రేడింగ్ స్ట్రాటజీలో నంబర్ ఆఫ్ ఎర్రర్స్ ఎంచుకుంటే అవును, కాదు జవాబులు పెట్టుకోవచ్చు. ఐదు చాలు: జవాబు చూడకుండా సాధిస్తే అదే అంకె వచ్చిందా, ప్రతి తప్పు ఆప్షన్‌కూ కారణం రాశారా, ఆ కారణంతో లెక్క కడితే నిజంగా ఆ అంకె వస్తుందా, కిలో, రూపాయి, నెల లాంటి కొలతలు స్పష్టంగా ఉన్నాయా, గైడులో ఇదే ప్రశ్న ఇవే అంకెలతో ఉందా. చివరిదానికి "ఉంది" అంటే తిప్పి పంపడమే.

వర్క్‌షాప్ దశల వారీగా నడుస్తుంది, ఒక దశ నుంచి ఇంకో దశకు మీరే మార్చాలి. గురువారం పొద్దున పరిశీలన మొదలవ్వాల్సి ఉండగా మీరు మరచిపోతే పిల్లలు ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు. గడువు ముగియగానే తనంతట తాను మారే టిక్ సెట్టింగుల్లో ఉంది, దానితో పాటు షెడ్యూల్డ్ అలొకేషన్ కూడా పెట్టుకోండి. సోమ మంగళ బుధ రాయడం, గురు శుక్ర పరిశీలన, శనివారం దిద్దుబాటు, ఆదివారం మీరు చూసి క్విజ్‌లో పెట్టడం. ఈ తిరుగుడు మొదటి రెండు వారాలు వద్దు. ఆ రెండు వారాలూ పైన చూపించిన లాంటి చెడ్డ ప్రశ్న, మంచి ప్రశ్న జంటలు మీరే ఐదారు పెట్టి, తప్పులు పట్టమనండి. అలాగే సెమిస్టర్ పరీక్షకు రెండు వారాల ముందు కొత్త ప్రశ్నలు ఆపేయండి, అప్పుడు వచ్చేవన్నీ హడావిడి సరుకే.

క్విజ్‌లో పెట్టిన తర్వాత కూడా ఒక జల్లెడ మిగిలింది. యాభై అరవై మంది రాసిన తర్వాత క్విజ్ రిపోర్టుల్లో స్టాటిస్టిక్స్ తెరవండి. ఫెసిలిటీ ఇండెక్స్ అంటే ఎంత శాతం మంది సరిగ్గా చేశారన్నది. డిస్క్రిమినేషన్ ఇండెక్స్ అంటే బాగా చదివేవాళ్లనీ చదవనివాళ్లనీ ఆ ప్రశ్న వేరు చేసిందా అన్నది. ఈ రెండోది 30 దాటితే ఉంచవచ్చు, 50 దాటితే చాలా మంచి ప్రశ్న, 20 కంటే తక్కువైతే తిరగరాయాలి, మైనస్‌లో ఉంటే దాదాపు ఎప్పుడూ జవాబు కీ తప్పయి ఉంటుంది. పది మంది రాసినప్పుడు ఈ అంకెలు చూసి ఏమీ తీసేయకండి, అవి నిలకడగా ఉండవు.

మార్కులు. ప్రశ్నల సంఖ్యకు మార్కులు వేస్తే, పది ప్రశ్నలకు ఐదు మార్కులు లాగా, చెత్త వచ్చి పడుతుంది. లైకులకూ రేటింగులకూ వేస్తే స్నేహితులు కూడబలుక్కుంటారు. వర్క్‌షాప్‌లో సమర్పణకు 80, పరిశీలనకు 20 అని ముందే పెట్టి ఉంటుంది. దాన్ని 50, 50 చేయండి. ఎదుటివాడి ప్రశ్నలో తప్పు పట్టేవాడే ఎక్కువ నేర్చుకుంటాడని నా అభిప్రాయం, వాడికి ముష్టి వేసినట్టు 20 ఇవ్వడం ఏమీ బాగోదు. ఇంటర్నల్ మార్కుల్లో దీనికి మొత్తం మీద 10కి మించి కేటాయించకండి.

రెండో రకం, స్థానిక అంకెలతో లెక్కలు. కొండచీపుర్లు కట్టే ఇల్లు, చింతపండు కొట్టు, ఇటుక బట్టీ, టిఫిన్ బండి, ఏదైనా సరే. ముడిసరుకు, కూలి, రవాణా, అద్దె: ఈ నాలుగు పద్దులు తెచ్చి కాస్ట్ షీట్ (ఖర్చుల పట్టిక) వేయాలి. అంకెలు ఇచ్చినవారి పేరు, ఊరు రాయకూడదు. అడిగి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి. ఇక్కడ తప్పకుండా వచ్చే పొరపాటు ఒకటి: ఇంటివాళ్ల కూలిని ఎవరూ లెక్క కట్టరు, కాస్ట్ షీట్ మీద లాభం ధగధగలాడిపోతుంది. ఆ పొరపాటును దిద్దకుండా "ఇంటివాళ్ల కూలి కట్టితే ఎంత, కట్టకపోతే ఎంత" అని రెండూ రాయించండి. పాఠ్యపుస్తకంలో ఊరూపేరూ లేని కంపెనీ లెక్క కంటే పిల్లలు దీన్నే ఎక్కువ తెరుస్తారు.

తెలుగు రాయలేని తెలుగు పిల్లల విషయం. ఇది మీ ఒక్కరిది కాదు. గుణుపురం, రాయగడ, జయపురం అన్నిచోట్లా ఉన్నదే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష ఇంగ్లీషులో. వాళ్లను తెలుగు లిపిలో రాయమంటే రోమన్ అక్షరాల్లో రాస్తారు, లేదా డీటీపీ సెంటర్‌లో టైపు చేయించుకొస్తారు. డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొడితే అది మూడుల్‌లో తెలుగుగా కనబడదు, వంకరటింకర ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి, ఎందుకంటే లోపల ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు. పీడీఎఫ్ చేస్తే కంటికి బాగుంటుంది కానీ వెతకడానికి రాదు, కాపీ చేస్తే ఒత్తులు చెదిరిపోతాయి, చూపు లేని విద్యార్థి ఫోను దాన్ని చదవలేదు. కాబట్టి పీడీఎఫ్ తీసుకోనని ఖరాఖండిగా చెప్పండి. రాయగలిగినవాళ్లు ఫోన్ కీబోర్డుతో నేరుగా పెట్టెలో రాయాలి. రాయలేనివాళ్లు మాట్లాడాలి: ఒక్క భావన, మూడు నిమిషాలు, ఇంట్లో తమ్ముడికి చెప్పినట్టు. వాడుక మాటల్లో చెబితే తప్పేమోనని జంకుతారు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ జంకు దేనికని చెప్పండి.

సవర పిల్లలు సవరలో రికార్డు చేస్తామంటే చేయనివ్వండి. కాకపోతే మీరు సరిచూడలేరు కాబట్టి, ఆ భాష తెలిసిన ఇంకో విద్యార్థి విని, ఒడియాలోనో ఇంగ్లీషులోనో మూడు వాక్యాల సారం రాసి ఇవ్వాలి.

ఆడియో అప్‌లోడ్ కావడం లేదని మీకు ఫోన్లు వస్తాయి. కారణం తరచుగా ఇదే: సర్వర్‌లో మూడుల్‌ను నడిపే పీహెచ్‌పీ అనే సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ మార్చకపోతే ఫైలు పరిమితి 2 ఎంబీ, మొత్తం పోస్ట్ పరిమితి 8 ఎంబీ. ఫోన్లో 128 కేబీపీఎస్‌లో రికార్డయిన మూడు నిమిషాల ఆడియో దాదాపు 2.9 ఎంబీ, అందుకే ఆగిపోతుంది. 64కు తగ్గిస్తే 1.4 ఎంబీ, ఎక్కిపోతుంది; మాటకు ఆ నాణ్యత చాలు. అడ్మిన్ చేత పరిమితి పెంచిస్తే మరీ మంచిది, రెండూ పెంచాలి, పోస్ట్ పరిమితి ఫైలు పరిమితి కంటే ఎక్కువ ఉండాలి. ఆ తర్వాత కూడా ఎక్కకపోతే మూడుల్‌లో సైట్‌కు, కోర్సుకు, యాక్టివిటీకి వేరువేరు పరిమితులుంటాయి, అన్నిటిలో చిన్నదే చెల్లుతుంది. వీడియో అడగకండి. అదే మూడు నిమిషాలు ఒక మోస్తరు వీడియో అయితే 30 ఎంబీ దాటుతుంది, కొండ మీది ఊళ్లో అది ఎక్కేసరికి తెల్లారుతుంది.

పారిభాషిక పదాలకు గ్లాసరీ పెట్టండి: ఇంగ్లీషు, ఒడియా, తెలుగు మూడూ ఒక పద్దులో, కింద రెండు వాక్యాల ఉదాహరణ. అప్రూవ్డ్ బై డిఫాల్ట్ అన్నచోట నో పెట్టండి, మీరు చూశాకే కనబడుతుంది. మూడుల్ యాప్‌లో అయితే నెట్ లేనప్పుడు రాసి ఉంచిన పద్దు, సిగ్నల్ అందాక వెళుతుంది. గుమ్మ పిల్లలకు ఇది పెద్ద సదుపాయం. పాఠంలో ఆ పదం కనబడినచోటల్లా లింకు పడే ఆటోలింకింగ్ తెలుగులో సరిగ్గా పనిచేయదని కొందరు వదిలేస్తారు. అది పదాన్ని ఉన్నది ఉన్నట్టు మాత్రమే పోలుస్తుంది. "స్థిర వ్యయం" అని పద్దు పెడితే పాఠంలోని "స్థిర వ్యయాన్ని", "స్థిర వ్యయానికి" అన్నవాటికి లింకు పడదు. పద్దు రాసేచోట కీవర్డ్స్ అనే గడి ఉంటుంది, విభక్తులు చేరిన రూపాలు అందులో వరుసకొకటి రాయించండి, లింకులు పడతాయి. ఆటోలింకింగ్ ఫిల్టర్ సైట్ స్థాయిలో ఆన్‌లో ఉండాలన్నది మరవకండి.

కాపీరైట్. 1957 చట్టం ప్రకారం రాసినవాడే మొదటి హక్కుదారు. విద్యార్థి కాలేజీ ఉద్యోగి కాదు. అసైన్‌మెంట్ కింద రాశాడు కదా అని అది కాలేజీ సొత్తు అయిపోదు. వచ్చే బ్యాచ్‌కు చూపించాలన్నా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడమే పద్ధతి. కొన్ని కాలేజీలు హక్కు మొత్తం రాయించుకుంటాయి. అలా రాయించుకున్న కాగితంలో కాలం లేకపోతే 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లే చెల్లుతుంది, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకే. దానికంటే లైసెన్సు సులువు. ఒక పేజీ కాగితం మీద మూడు గళ్లు పెట్టండి: ఈ కాలేజీ బ్యాచ్‌లకు మాత్రమే; క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోవచ్చని ఇచ్చే లైసెన్సు) కింద అందరికీ నా పేరుతో; అందరికీ పేరు లేకుండా. ఏదీ టిక్ చేయకపోతే ఆ సెమిస్టర్ తర్వాత తీసేయాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరని పిల్లలకు ముందే చెప్పాలి. ఈ కాగితానికీ మార్కులకూ ముడి పెట్టకూడదు. మార్కులు వేశాకే కాగితం ఇస్తే ఇంకా మంచిది. మొదటి సెమిస్టర్‌లో 18 నిండనివాళ్లు ఉంటారు, వాళ్ల తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. వాళ్ల గొంతు, ఫొటో బయటి సైట్‌లో పెట్టనే వద్దు. 2023 డేటా రక్షణ చట్టం 18 లోపు వారిని పిల్లలుగానే చూస్తుంది.

ఇప్పుడు మీ కోర్సులో ఉన్న ఆ నలభై పీడీఎఫ్‌లను ఇవాళే హైడ్ చేయండి. బోధనలో భాగంగా వాడుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, ఫొటోకాపీ కోర్సు ప్యాక్‌ల మీద ఢిల్లీ హైకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు కూడా దాని మీదే. కానీ గైడు మొత్తం ఫొటోలు తీసి ఎవరైనా తెరవగలిగే చోట పెట్టడం ఆ మినహాయింపులోకి వస్తుందని ధీమాగా ఉండకండి.

చివరగా, చాలామంది కష్టం నీటిపాలయ్యే చోటు. ఏడాది చివర గ్లాసరీ పద్దులు తీసేసే టిక్ పెట్టి కోర్సును రీసెట్ చేసినా, యూజర్లు లేకుండా బ్యాకప్ తీసి కొత్త కోర్సులో దింపినా, పిల్లలు రాసిన గ్లాసరీ పద్దులు రావు. మూడుల్ వాటిని యూజర్ డేటాగా చూస్తుంది. రీసెట్‌కు ముందే గ్లాసరీలోకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ నొక్కి ఎక్స్ఎంఎల్ ఫైలు దింపుకోండి. దాన్ని కొత్త కోర్సులో ఇంపోర్ట్ చేస్తే పద్దులన్నీ మీ పేరు మీద వస్తాయి, రాసిన పిల్ల పేరు పోతుంది. పేరుతో ఉంచమని అనుమతి ఇచ్చినవాళ్ల పేరు పద్దు కిందే ఒక వాక్యంగా రాయించి ఉంచితే ఈ ఇబ్బంది లేదు.

ప్రశ్నలను గిఫ్ట్ (GIFT) అనే ఫార్మాట్‌లో టెక్స్ట్ ఫైలుగా దాచుకోవచ్చు, పాతపట్నం కాలేజీవాళ్లు అడిగినా ఆ ఫైలే పంపవచ్చు. మీ సబ్జెక్టులో అందులో ఒక మెలిక ఉంది: సమాన గుర్తు, టిల్డే, హ్యాష్, మీసాల బ్రాకెట్లు, కోలన్ ఆ ఫార్మాట్‌కు సొంత గుర్తులు. ఆప్షన్‌లో సూత్రం రాసి సమాన గుర్తు పెడితే అది కొత్త జవాబు అనుకుని ఆప్షన్‌ను ముక్కలు చేస్తుంది. ఆ గుర్తు ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే మూడుల్ ఎక్స్ఎంఎల్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేయండి. ఏ ఫార్మాట్ అయినా యూటీఎఫ్-8గానే సేవ్ చేయాలి, లేకపోతే తెలుగూ ఒడియా రెండూ ప్రశ్నార్థకాలుగా మారతాయి. ముందు ఒక ఖాళీ కోర్సులో పది ప్రశ్నలు దింపి, తెరిచి చూశాక మిగతావి దింపండి.

మీ సైట్ మూడుల్ వెర్షన్ ఏదో, అడ్మిన్ స్టూడెంట్‌క్విజ్ ఎక్కిస్తారో లేదో రాయండి. ఎక్కించేటట్టయితే వర్క్‌షాప్ గురించి పైన రాసిన అమరికలో కొన్ని మీకు అక్కర్లేదు, ఆ సెట్టింగులు వేరేగా చెబుతాను.